పాలబండి గేరాయిలు ఎన్నాళ్ళకు మార్చాలి?

పశువుల మేపు, దాణా, టీకాలు, పాల పరిశుభ్రత మొదలైన విషయాలను గురించి ఈ పేజీలలో తరచుగా వ్రాస్తూ ఉన్నాము. ఈసారి మన పాలను ఊరి నుంచి శీతలీకరణ కేంద్రానికి చేర్చే బండిని గురించి, అందులోనూ ఎవరి కంటికీ కనబడని గేర్‌బాక్సు ఆయిలును గురించి వ్రాస్తున్నాము. పాల సంఘానికీ గేరాయిలుకూ సంబంధం ఏమిటని సభ్యులు అడగవచ్చు. సంబంధం చాలా దగ్గరిది.

పితికిన వెంటనే పాల వేడి పశువు ఒంటి వేడితో సమానంగా, అంటే 37, 38 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతంలో ఉంటుంది. ఆ వేడిలో పాలను పులియబెట్టే సూక్ష్మజీవులు త్వరత్వరగా పెరుగుతాయి. అరగంటకొకసారి రెట్టింపు అవుతాయనుకుంటే ఒక సూక్ష్మజీవి మూడు గంటలలో 64 అవుతుంది. పాలను 4 డిగ్రీలకు చల్లబరిస్తే ఈ పెరుగుదల చాలవరకు ఆగుతుంది. కనుక పాలు పితికిన చోటు నుంచి చల్లబరిచే చోటుకు ఎంత త్వరగా చేరితే మనకు అంత మేలు.

దారి మధ్యలో గేర్‌బాక్సు పట్టేసి బండి ఆగిందనుకోండి. 40 లీటర్ల క్యాన్లు 40 ఉన్న బండిలో 1,600 లీటర్ల పాలు ఉంటాయి. టైరు పంక్చరైతే అరగంటలో మార్చుకోవచ్చు. గేర్‌బాక్సు పాడైతే రోడ్డు పక్కన బాగు చేయడం సాధ్యం కాదు. ఇంకొక బండి వచ్చి క్యాన్లు ఎక్కించుకుని వెళ్ళేసరికి ఎండాకాలంలో పాలు విరిగే స్థితికి వస్తాయి. కేంద్రంలో పరీక్ష చేసి ఆ పాలను తిప్పి పంపితే, ఆ పూట పాలు పోసిన ప్రతి ఇంటికీ నష్టమే. చిన్న పాలబండి గేర్‌బాక్సులో పట్టేది రెండు మూడు లీటర్ల ఆయిలు మాత్రమే. ఆ రెండు మూడు లీటర్లు వేళకు మార్చకపోవడం వలన 1,600 లీటర్ల పాలు ప్రమాదంలో పడుతున్నాయన్నమాట.

గేరాయిలు చేసే పని

గేర్‌బాక్సులో పళ్ళ చక్రాలు ఒకదానినొకటి నొక్కుకుంటూ తిరుగుతాయి. పంటికీ పంటికీ మధ్య ఒత్తిడి చాలా ఎక్కువ. ఆ మధ్యలో పలుచని పొరగా నిలిచి ఇనుము ఇనుమును తాకకుండా చూడడం ఆయిలు చేసే మొదటి పని. రాపిడి వలన పుట్టిన వేడిని తీసుకుని పెట్టె గోడలకు అందించడం రెండవ పని. అరిగిన ఇనుప పొడిని పళ్ళ మధ్య నుంచి కడిగి అడుగుకు చేర్చడం మూడవది. తుప్పు పట్టకుండా కాపాడడం నాలుగవది.

ఆటోమేటిక్ గేరు బండ్లలో ఆయిలుకు ఇంకా పెద్ద బాధ్యత ఉన్నది. వీటిలో కాలితో తొక్కే క్లచ్ ఉండదు. చాలా ఆటోమేటిక్ బండ్లలో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య టార్క్ కన్వర్టరు అనే గుండ్రని పెట్టె ఉంటుంది. ఇంజను అందులోని ఒక పంకాను తిప్పుతుంది. ఆ పంకా ఆయిలును విసురుతుంది. ఆ విసురుకు ఎదురుగా ఉన్న రెండవ పంకా తిరుగుతుంది. అంటే ఇంజను బలాన్ని అటు నుంచి ఇటు మోసేది ఆయిలే. గేర్లు మారడానికి లోపలి క్లచ్ పలకలను నొక్కిపట్టేది కూడా పంపు నుంచి వచ్చే ఆయిలు ఒత్తిడే. పెద్ద సంఖ్యలో తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సు అమెరికాలో 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది. మామూలు గేరాయిలు ఈ పనులన్నింటికీ సరిపోదు కనుక 1949లో ఈ రకం పెట్టెల కోసం ప్రత్యేకంగా ఒక ఆయిలు ప్రమాణాన్ని ఏర్పరచారు. నేడు మనం చూసే ఎర్రని ఆటోమేటిక్ ఆయిళ్ళు ఆ వరుసలోనివే.

ఆయిలు ఎందుకు పాడవుతుంది?

ఇంజనులో ఆయిలు మాదిరిగా గేరాయిలులోకి మసి రాదు. అందుచేత అది ఎన్నాళ్ళైనా ఉంటుందని కొందరు అనుకుంటారు. కాని దాన్ని పాడుచేసేవి వేరే ఉన్నాయి.

మొదటిది వేడి. ఆయిలు వేడెక్కిన కొద్దీ గాలిలోని ప్రాణవాయువుతో కలిసి చెడిపోతుంది. హద్దు దాటిన తరువాత ప్రతి 10 డిగ్రీల అదనపు వేడికి ఆయిలు చెడిపోయే వేగం దాదాపు రెట్టింపు అవుతుందని ఇంజనీర్లు మోటు లెక్కగా చెబుతారు. రెండవది అరుగుదల. చక్రాల నుంచి, బేరింగుల నుంచి రాలిన పొడి ఆయిలులో కలిసి తిరుగుతూ మరింత అరుగుదలకు కారణమవుతుంది. మూడవది, ఆయిలులో కలిపిన రసాయనాలు ఖర్చు కావడం. ఒత్తిడిని తట్టుకునేందుకు, నురుగు రాకుండా ఉండేందుకు కలిపిన ఈ రసాయనాలు పని చేస్తూ చేస్తూ తరిగిపోతాయి. అప్పుడు ఆయిలు పైకి బాగానే కనబడినా లోపల బలం ఉండదు. నాలుగవది నీరు. గేర్‌బాక్సుకూ వెనక హౌసింగుకూ గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది. వానాకాలంలో వాగు దాటేటప్పుడు వేడిగా ఉన్న పెట్టె చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి ఆ రంధ్రం గుండా, పాత సీళ్ళ గుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది.

పాలబండి పని తేలికా, కష్టమా?

బండితో పాటు ఇచ్చే పుస్తకంలో ఆయిలు మార్పుకు సాధారణంగా రెండు రకాల లెక్కలు ఉంటాయి. ఒకటి మామూలు వాడకానికి, రెండవది కష్టమైన వాడకానికి. ఎక్కువ బరువు మోయడం, మాటిమాటికీ ఆగి బయలుదేరడం, దుమ్ము దారులలో తిరగడం, బండి ఆగి ఉండగా ఇంజను నడపడం, ఎండ ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో తిరగడం, ఇవన్నీ కష్టమైన వాడకం కిందకు వస్తాయి. మన పాలబండి సంగతి ఆలోచించండి. పైన చెప్పిన అయిదింటిలో అది చేయనిది ఏదైనా ఉన్నదా? అందుచేత పాలబండికి ఎప్పుడూ కష్టమైన వాడకం లెక్కనే పాటించాలి.

ఇక దూరం సంగతి. రూటు రాకపోకలు కలిసి 60 కిలోమీటర్లు ఉంటే, రెండు పూటలకు రోజుకు 120 కి.మీ. అవుతుంది. పాడికి ఆదివారం లేదు, పండుగ లేదు. కనుక ఏడాదికి 365 రోజులూ లెక్క వేస్తే 43,800 కి.మీ. సొంత కారు ఏడాదికి 10,000 కి.మీ. తిరుగుతుందనుకుంటే, దానికి నాలుగేళ్ళకు పైగా పట్టే దూరాన్ని మన బండి ఒక్క ఏడాదిలో పూర్తి చేస్తుంది. “మా ఇంట్లో కారుకు నాలుగేళ్ళ నుంచి గేరాయిలు మార్చలేదు, ఏమీ కాలేదు” అనే మాట పాలబండికి వర్తించదు.

ఎన్నాళ్ళకు మార్చాలి?

మీ బండి పుస్తకంలో ఉన్న అంకెయే చివరి మాట. ఈ దిగువ ఇచ్చినవి పుస్తకం దొరికే లోపల ఒక అంచనాకు మాత్రమే.

చేతితో గేరు వేసే బండ్లు: మన రూట్లలో ఎక్కువగా తిరిగేవి ఇవే. చిన్న, మధ్యరకం బండ్లకు పుస్తకాలలో ఎక్కువగా కనిపించే అంకెలు 40,000 కి.మీ. నుంచి 80,000 కి.మీ. మధ్య ఉంటాయి. ఇటీవలి కొన్ని బండ్లకు ఇంతకంటె ఎక్కువే చెబుతున్నారు. పై లెక్క ప్రకారం చూస్తే తక్కువ అంకెకు మన పాలబండి పదకొండు నెలలలోనే చేరుతుంది. ఏడాదికొకసారి మార్చుకుంటే దాదాపుగా సరిపోతుంది. వెనక హౌసింగు ఆయిలును కూడా అప్పుడే చూడాలి. అది వేరే పెట్టె, వేరే ఆయిలు.

పూర్తి ఆటోమేటిక్ బండ్లు: తేలిక వాడకంలో 80,000 నుంచి 1,00,000 కి.మీ. వరకు, కష్టమైన వాడకంలో 50,000 కి.మీ. ప్రాంతంలో మార్చడం మంచిది. రోజుకు 120 కి.మీ. తిరిగే బండికి 50,000 కి.మీ. పధ్నాలుగు నెలలు కూడా పట్టదు.

ఎ.ఎం.టి. బండ్లు: మన దేశపు కార్లలో 2014లో మారుతి సెలెరియోతో ఈ రకం వాడుకలోకి వచ్చింది. క్లచ్ తొక్కనవసరం లేదు గనుక వీటిని కూడా ఆటోమేటిక్ అనే పిలుస్తారు. కాని లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే. డ్రైవరు చేయవలసిన క్లచ్ పనీ, గేరు పనీ పైన అమర్చిన యంత్రం చేస్తుంది. కనుక ఇందులో పోయవలసింది ఆ గేర్‌బాక్సుకు చెప్పిన గేరాయిలు. ఆయిలు ఒత్తిడితో పని చేసే యంత్రమైతే దానికి విడిగా ఇంకొక ఆయిలు ఉంటుంది. రెంటినీ కలగాపులగం చేయరాదు.

ట్రాక్టర్లు: మన సభ్యులలో చాలామందికి ట్రాక్టర్లు ఉన్నాయి. ట్రాక్టరుకు కిలోమీటర్లు కాక గంటలు లెక్క. చాలా ట్రాక్టర్లలో గేర్లకు, వెనక హౌసింగుకు, హైడ్రాలిక్ లిఫ్టుకు ఒకే ఆయిలు ఉంటుంది. ఆయిలులో మునిగి ఉండే బ్రేకులు గల ట్రాక్టర్లలో బ్రేకులు కూడా అదే ఆయిలుతో పని చేస్తాయి. సాధారణంగా 1,000 గంటల ప్రాంతంలో మార్చాలని పుస్తకాలు చెబుతాయి. రోజుకు మూడు గంటలు నడిచే ట్రాక్టరుకు అది ఏడాదికి కొంచెం తక్కువ. దమ్ము చేసే ట్రాక్టరుకు నీరు చేరే ప్రమాదం ఎక్కువ కనుక నాట్లు ముగియగానే ఒకసారి ఆయిలు రంగు చూడడం తప్పనిసరి.

‘జీవితకాలం ఆయిలు’ అంటే ఏమిటి?

కొన్ని ఆటోమేటిక్ బండ్ల పుస్తకాలలో ఈ ఆయిలును అసలు మార్చనవసరం లేదని, బండి జీవితకాలమంతా ఉంటుందని వ్రాస్తారు. ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకోవాలి. జీవితకాలం అంటే ఎంత? ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారు చేసే జర్మనీ కంపెనీ జడ్.ఎఫ్., తన పెట్టెలలో వాడకాన్నిబట్టి 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య, లేదా ఎనిమిదేళ్ళకు ఆయిలు మార్చమని సలహా ఇస్తున్నది. అవే పెట్టెలను బిగించిన కొన్ని బండ్ల కంపెనీలు మార్చనక్కర లేదంటున్నాయి. పెట్టెను తయారు చేసినవారి మాట వినడమే మంచిదని మా అభిప్రాయం. గ్యారంటీ కాలం గడిచిన తరువాత గేర్‌బాక్సు పాడైతే ఖర్చు భరించవలసింది బండి యజమానే.

ఏ ఆయిలు పోయాలి?

వేళకు మార్చడం ఎంత ముఖ్యమో సరైన ఆయిలు పోయడం అంత ముఖ్యం. డబ్బా మీద రెండు గుర్తులు చూడాలి. ఒకటి చిక్కదనం, రెండవది తరగతి. ఉదాహరణకు 80డబ్ల్యు-90 అనేది చిక్కదనం. జి.ఎల్-4, జి.ఎల్-5 అనేవి తరగతులు. అంకె పెద్దదైతే మంచి సరుకు అని భ్రమపడరాదు. జి.ఎల్-5లో గట్టి ఒత్తిడిని తట్టుకునే గంధకపు రసాయనాలు ఎక్కువ. వెనక హౌసింగుకు అది మంచిదే. కాని గేర్‌బాక్సులోని ఇత్తడి రింగులను అది తినివేసే అవకాశం ఉన్నది. జి.ఎల్-4 అని వ్రాసి ఉన్న గేర్‌బాక్సులో జి.ఎల్-5 పోయరాదు.

గేరాయిలు అంకెలను ఇంజనాయిలు అంకెలతో పోల్చడం కూడా పొరపాటు. రెంటికీ కొలబద్దలు వేరు. గేరాయిలులో 90 అన్నది చిక్కదనంలో ఇంజనాయిలు 40, 50లకు దగ్గరగా ఉంటుంది.

ఆటోమేటిక్ ఆయిలులో రకాలు ఇంకా ఎక్కువ. రంగు ఎరుపైతే చాలునని పోయరాదు. పుస్తకంలో ఏ పేరు, ఏ నంబరు ఉంటే అదే కొనాలి. బెల్టుతో నడిచే సి.వి.టి. రకం పెట్టెకు దాని ప్రత్యేక ఆయిలు తప్ప మరేదీ పనికిరాదు.

మార్చేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

1. బండి కొంతదూరం నడిచి ఆయిలు గోరువెచ్చగా ఉన్నప్పుడు దించాలి. చల్లగా ఉంటే చెత్త అడుగునే నిలిచిపోతుంది. కాలే ఆయిలు చేతి మీద పడకుండా చూసుకోవాలి.

2. బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందకు ఎవరూ దూరరాదు.

3. ముందుగా ఆయిలు పోసే బోల్టును విప్పి చూడాలి. ఆ తరువాతనే కింది బోల్టు విప్పాలి. ఆయిలంతా దించేసిన తరువాత పై బోల్టు రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది, సాయంత్రపు పూట పాలు కదలవు.

4. కింది బోల్టుకు అయస్కాంతం ఉంటే దాన్ని చూడాలి. బూడిదరంగు మెత్తని గుజ్జు ఉండడం సహజం. ఇనుప పలుకులు, విరిగిన పంటి ముక్కలు కనబడితే మేస్త్రీకి చూపించకుండా బండి తీయరాదు.

5. చేతి గేరు బండ్లలో చాలావాటికి పోసే రంధ్రం అంచు వరకు ఆయిలు ఉంటే సరిపోతుంది. ఎక్కువ పోస్తే నురుగు వస్తుంది, సీళ్ళు కారుతాయి.

6. ఆటోమేటిక్ పెట్టెలో కింది బోల్టు విప్పినప్పుడు ఆయిలు మొత్తం రాదు. టార్క్ కన్వర్టరులో చాలా భాగం మిగిలిపోతుంది. ఎంత దిగిందో కొలిచి అంతే పోయాలి. ఫిల్టరు ఉంటే మార్చాలి. మట్టం ఎలా చూడాలో పుస్తకం ప్రకారం చేయాలి. కొన్నింటికి ఇంజను నడుస్తుండగా, కొన్నింటికి ఆపి చూడవలసి ఉంటుంది.

7. పూర్తి ఆటోమేటిక్ బండి దారిలో ఆగితే దాన్ని ట్రాక్టరుకు తాడు కట్టి లాగరాదు. ఆయిలు పంపు ఇంజనుతోనే తిరుగుతుంది. ఇంజను ఆగి చక్రాలు తిరిగితే లోపల ఆయిలు అందక పెట్టె కాలిపోతుంది. నడిచే చక్రాలను పైకెత్తి తీసుకుపోవాలి.

ముందుగా కనిపించే గుర్తులు

గేరు పడేటప్పుడు కరకరమనడం, ఒక గేరు వేస్తే జారి బయటికి రావడం, కొత్తగా కూత రావడం, బండి నిలిపిన చోట ఆయిలు మరక పడడం గమనించవలసిన గుర్తులు. ఆటోమేటిక్ బండిలో ఇంజను వేగం పెరిగినా బండి ముందుకు సాగకపోవడం, గేరు మారేటప్పుడు కుదుపు రావడం ప్రమాద సూచనలు. ఎర్రని ఆయిలు నల్లబడి మాడు వాసన వస్తే లోపలి పలకలు కాలుతున్నాయని గ్రహించాలి. ఏ బండిలోనైనా ఆయిలు పాలలాగా తెల్లబడి కనబడితే నీరు కలిసిందన్నమాట. పాలలో నీరు కలిస్తే వెన్న శాతం పడిపోతుంది. గేరాయిలులో నీరు కలిస్తే బేరింగులే పోతాయి. అటువంటి ఆయిలును వెంటనే మార్చాలి.

పాత బండికి ఎన్నడూ మార్చని ఆయిలును ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్సు పోతుందనే నమ్మకం కొందరిలో ఉన్నది. అటువంటి పెట్టెలు చాలవరకు లోపల అప్పటికే అరిగిపోయి ఉంటాయి. తప్పు మార్చడంలో లేదు, అంతవరకు మార్చకపోవడంలో ఉన్నది.

పాత ఆయిలును ఏం చేయాలి?

ఇది పాడి రైతులు ముఖ్యంగా గమనించవలసిన విషయం. గోమార్లకు, పిడుదులకు, పుండ్లకు పాత ఆయిలు పూయడం కొన్ని ఊళ్ళలో ఉన్నది. ఇది మానుకోవాలి. అందులో లోహపు పొడి, విషపదార్థాలు ఉంటాయి. పశువు ఒళ్ళు నాకినప్పుడు అవి కడుపులోకి పోతాయి. గోమార్లకు పశువైద్యుడు చెప్పిన మందే వాడాలి. పాత ఆయిలును కాలువలో, బావి దగ్గర, పెంటకుప్ప మీద పోయరాదు. మూత ఉన్న డబ్బాలో నిలవచేసి, పాత ఆయిలు కొనడానికి అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి.

ఆయిలు డబ్బాలను పాల గదిలో ఉంచరాదు. పాలలోని వెన్న చుట్టుపక్కల వాసనలను త్వరగా పట్టుకుంటుంది. పాత పాల క్యానులో ఆయిలు పట్టి, ఆ క్యానును తిరిగి పాలకు వాడడం ఎంతమాత్రం తగదు.

సంఘం చేయవలసిన పని

చాలా రూట్లలో బండి సంఘానిది కాదు, కిరాయిది. ఆయిలు మార్చే ఖర్చు బండి యజమానిది, పాలు విరిగితే నష్టం సభ్యులది. ఈ తేడా వలననే నిర్లక్ష్యం జరుగుతుంది. కనుక కిరాయి ఒప్పందం వ్రాసుకునేటప్పుడే ఆయిలు మార్పు ఎన్ని కిలోమీటర్లకు జరగాలో, బండి మరమ్మతుకు ఆగిన పూట బదులు బండి ఎవరు పెట్టాలో, యాంత్రిక లోపం వలన విరిగిన పాల నష్టం ఎవరు భరించాలో స్పష్టంగా వ్రాయించాలని పాలకవర్గాలకు మనవి చేస్తున్నాము.

బండిలో ఒక నోటు పుస్తకం ఉంచండి. అందులో అయిదు గళ్ళు చాలు: తేదీ, మీటరు అంకె, ఏ ఆయిలు, ఎన్ని లీటర్లు, మళ్ళీ ఏ అంకెకు మార్చాలి. డబ్బా బిల్లును ఆ పేజీకే అంటించండి. నెలకొకసారి కార్యదర్శి ఆ పుస్తకాన్ని చూసి సంతకం చేయాలి. ఆయిలు మార్పును ఉదయపు రూటు ముగిసిన తరువాత పెట్టుకుంటే సాయంత్రపు రూటుకు బండి సిద్ధంగా ఉంటుంది. ఎండలు ముదరక ముందే, అంటే ఫిబ్రవరి, మార్చి నెలలలో ఒకసారి, వానలు వెనకబట్టిన తరువాత ఒకసారి ఆయిలు మట్టం, రంగు చూడడం అలవాటు చేసుకోవాలి.

వచ్చే పాలకవర్గ సమావేశానికి మీ రూటు బండి పుస్తకాన్ని తెప్పించి చూడండి. చివరిసారి గేరాయిలు ఎప్పుడు మార్చారో అందులో వ్రాసి లేకపోతే, మార్చలేదనే భావించి ఆ వారంలోనే మార్పించండి.